రక్ష రాసిన చక్రం

శనివారం. మబ్బు దట్టం.

కారు కదల్లేదు. ముందుకి తోస్తే ముందుకి రాదు, వెనక్కి తోస్తే వెనక్కి పోదు. వెనక కుడి చక్రం పట్టేసింది. బ్రేకు డ్రమ్ములో ఉప్పు గడ్డకట్టి ఉంటుంది, ఇక్కడ అది వింత కాదు. చక్రం విప్పి, డ్రమ్ము ఊడదీసి, గడ్డ రాల్చి మళ్ళీ బిగిస్తే ఒక పూట పని. మా ఇంట్లో ఆ పని నాదే. అప్పలస్వామి పెళ్ళయిన కొత్తలోనే చెప్పేశాడు, తనకి స్క్రూడ్రైవరు చూస్తే నిద్రొస్తుందని.

జాకీ పెట్టకముందే బోల్టులు కాస్త వదులు చేద్దామని పానా తగిలించి, దాని మీద కాలేసి నిలబడ్డాను. డెబ్బై కిలోల మనిషిని. బోల్టు కదల్లేదు. రెండోది, మూడోది, అన్నీ అంతే. అయిదు బోల్టులూ ఒకే తల్లి పిల్లల్లాగా మొండికేశాయి.

ఏ రోజయినా ఇది చిరాకు తెప్పించే సంగతే. ఈ వారం మాత్రం చిరాకుతో పోదు. గురువారం అప్పలస్వామికి గట్టు మీద ఆసుపత్రిలో ఊపిరి కడిగించాలి. ఉప్పుదగ్గు ఉన్నవాళ్ళు వాయిదా దాటితే ఏమవుతుందో ఈ కాలనీలో ఎవరికీ చెప్పక్కర్లేదు, ప్రతి వీధిలోనూ ఒక ఫోటోకి దండ వేలాడుతూనే ఉంది. బోర్డు బస్సులో అతని వంతు వచ్చే నెల. అంటే బస్సు వచ్చేదాకా మనిషి ఉండాలి కదా అని మొహమాటం లేకుండా అడిగాను. "మీకు సొంత బండి ఉందని రాసి ఉందమ్మా" అన్నాడు బోర్డు కౌంటర్లో కుర్రాడు. నిజమే, ఉంది. పెరట్లో విగ్రహంలాగా ఉంది.

ఆదివారం. మబ్బు దట్టం. గాలి సముద్రం వైపు నుంచి.

పొద్దున్నే డాబా మీద ఉప్పు ఊడ్చాను. రెండు చేటలు వచ్చింది. కిటికీలు తుడిచాను, పాల మీద తడిగుడ్డ కప్పాను. ఈ ఇంట్లో కూరలో ఉప్పు వెయ్యడం మానేసి ఏళ్ళయింది. మూత తీసి రెండు నిమిషాలు గాలికి వదిలేస్తే చాలు, బోర్డువాళ్ళే వేసిపోతారు.

సముద్రం మీద బోర్డువాళ్ళు ఆ తెల్ల స్తంభాలు నిలబెట్టినప్పుడు ఊరేగింపు చేశారు. నీళ్ళని పొగలాగా చిమ్మి మబ్బుల్ని తెల్లగా చేస్తే ఎండ వెనక్కి పోతుందట, లోపలి ఊళ్ళు చల్లబడతాయట. చల్లబడ్డాయి కూడా. అక్కడ సాయంత్రాలు శాలువాలు కప్పుకుని షికారుకి వెళుతున్నారు. ఆ శాలువాకి అవతలి కొస మా గొంతులో ఉంది. ఈ మాట గోడపత్రికలో రాస్తే లోపలి నుంచి ఒక పెద్దమనిషి జవాబు పంపాడు: త్యాగానికి గుర్తింపు ఇస్తున్నాం కదా, ఇనుముకి తుప్పు పట్టకుండా రాసుకునే రక్ష మీకు ఉచితంగా పంచుతున్నాం కదా, అని. ఒకడి గుండెల మీద కూర్చుని, పైగా దిండు ఇచ్చానని చెప్పుకునే జాతి అది.

బోల్టుల మీద కిరసనాయిలూ ఆముదమూ కలిపి పోశాను. నానాలి. నానబెట్టి, సుత్తితో తల మీద నాలుగు దెబ్బలు వేస్తే తుప్పు పొడి రాలి నూనె లోపలికి దిగుతుంది. దెబ్బ వేశాను. రాలలేదు. తల చుట్టూ రక్ష అట్టలు కట్టి ఉంది, పసుపు ముద్ద ఎండినట్టు. ప్రతి శుక్రవారం అప్పలస్వామి చేసే నిర్వాకం. దాని వాసన: తేనెలో ముంచిన చచ్చిన చేప.

అప్పట్లో శుక్రవారం గడపకి పసుపు రాసేవారు. స్తంభాలొచ్చాక గడపల చెక్క చివికిపోయింది, ఇనుముకి కాలం వచ్చింది. బోర్డువాళ్ళు ఎంత తెలివైనవాళ్ళంటే రక్షకి పసుపు రంగే కలిపారు. శుక్రవారమే పంచారు. ఇంకేం, జనం తలంట్లు పోసుకుని వచ్చి బండి చక్రాలకీ గేటు బందులకీ మూడు వేళ్ళతో రాసి దణ్ణం పెట్టడం మొదలెట్టారు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మోకాళ్ళు వంచడానికి మనకి కారణం అక్కర్లేదు, రంగు చాలు.

"తిట్టుకుంటా పని చేస్తే ఇనుము వినదే వేణీ" అన్నాడు అప్పలస్వామి కిటికీలోంచి. మధ్యలో రెండుసార్లు ఊపిరి కోసం ఆగాడు.

"నిన్ను తిడతన్నాను. ఇనుముని కాదు."

"నన్నయితే పర్లేదు. నేను అలవాటు పడిపోయాను."

సోమవారం. మబ్బు పల్చన.

పక్కింటి పైడిరాజు వచ్చాడు. పడవ ఇంజన్లు విప్పిన చెయ్యి అని తనే చెప్పుకుంటాడు. ఆరడుగుల ఇనప గొట్టం భుజాన వేసుకుని మరీ వచ్చాడు.

"వదినా, ఇది బలం పని. మీరు గోడమీద రాతలు రాసుకోండి."

"బలం పని అయితే నిన్న దున్నపోతుని కట్టేదాన్ని కదా. ముందు కొంచెం బిగించే వైపు తిప్పు. పట్టు విడిచాక వదులు వైపు తిప్పుదువు గాని."

"విప్పాల్సిందాన్ని బిగించమంటారేటి? మీ పార్టీలో ఇలాగే చేస్తారా?"

"మా పార్టీ ఎప్పుడో ఊడిపోయింది. నువ్వు బోల్టు సంగతి చూడు."

చూడలేదు. పానాకి గొట్టం దూర్చి, ఊపిరి బిగబట్టి, ఒక్క లాగు లాగాడు. కొబ్బరికాయ పగిలినట్టు చప్పుడు. గొట్టం పైకి లేచింది, పైడిరాజు వెల్లకిలా పడ్డాడు. ఊడింది అనుకుని నవ్వుతూ లేచాడు. ఊడలేదు. విరిగింది. తల ఊడి మట్టిలో పడింది, మిగతాది లోపలే ఉంది.

వెంటనే రెండో బోల్టు మీద పడ్డాడు, పరువు కోసం. పానా జారి, ఆరు మూలల తల కాస్తా గుండ్రంగా అరిగిపోయింది. ఇప్పుడు దానికి పానా పట్టదు. పొద్దున అయిదు మొండి బోల్టులుండేవి. పైడిరాజు వెళ్ళేసరికి మూడు మొండివి, ఒకటి బోడిది, ఒకటి మొండెం.

"తుప్పు వదినా. ఉప్పుగాలి. ఎవరేం చేస్తారు" అని తలుపు దగ్గర చెప్పి వెళ్ళాడు. ఈ తీరంలో అందరి నోటా అదే మాట. ఎవరి బండి పట్టేసినా తుప్పు. బోర్డు డిపోకి ఈడ్చుకెళితే అక్కడివాళ్ళదీ అదే మాట, దాని పక్కనే వాళ్ళు అడిగే కూలీ. ఇవ్వలేనివాళ్ళు బండి అక్కడే వదిలేసి బోర్డు బస్సు వంతుల్లో చేరారు. మా వీధిలో అలా ఎన్ని బళ్ళు పోయాయో. ఎటూ వెళ్ళలేని జనం ఎదురు మాట్లాడరు, ఆ సంగతి బోర్డుకి బాగా తెలుసు.

అప్పలస్వామి ఈ రోజు గంజి తాగి పడుకున్నాడు. పడుకుంటే దగ్గు ఎక్కువవుతోంది, కూర్చుంటే నడుం లాగుతోంది. దిండ్లు ఎత్తుగా పెట్టాను. "గురువారం వెళతాం కదూ" అని అడిగాడు. వెళతాం అన్నాను. నేను అబద్ధాలు చెప్పే మనిషిని కాను, అంచేత ఇప్పుడు దాన్ని నిజం చెయ్యాలి.

మంగళవారం. మబ్బు దట్టం. స్తంభాలు రెండూ నడుస్తున్నాయి.

విరిగిన ముక్క మట్టిలోంచి తీసి కడిగాను. తల, దాని కింద వేలెడు కాండం, కొసన కొంచెం మర. తుప్పు ఎంత లోతుకి తిన్నదో చూద్దామని వెలుతురు వైపు తిప్పాను.

తుప్పు లేదు.

మళ్ళీ చూశాను. చత్వారం అద్దాలు పెట్టుకుని చూశాను. ఒక్క ఎర్ర మచ్చ లేదు. ఇనుము కొత్త రూపాయిలాగా మెరుస్తోంది. మర చుట్ల మధ్య సందుల్లో మాత్రం పసుపుపచ్చటి గాజులాంటిది నిండి ఉంది. గోరుతో గీస్తే గీత పడలేదు. కత్తితో గీస్తే కత్తి జారింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తేనెలో చచ్చిన చేప.

అక్కడే మట్టిలో కూలబడ్డాను. పైన రాసిన ముద్ద సన్నగా పాకి, తల కిందికి దిగి, మరల్లోకి చేరి, ఉప్పూ వేడీ తగిలి రాయిలాగా ముదిరింది. ఏడాదిలో ఎన్ని శుక్రవారాలుంటే అన్ని పూతలు. అది బోల్టుని కాపాడలేదు, అతికించింది. ఉప్పు వాళ్ళది, ఉప్పుకి మందు వాళ్ళది, ఆ మందుకి పట్టేసిన బండిని విప్పే డిపో వాళ్ళది, విప్పించుకోలేనివాడు ఎక్కే బస్సు వాళ్ళది. ఇన్నాళ్ళూ తుప్పుని తిడుతూ కూర్చున్నాం. తుప్పయినా నయం, దానికి దురాలోచన లేదు.

ముక్క పట్టుకుని ఇంటింటికీ తిరిగాను. చూపించాను, గీసి చూపించాను. ఏమన్నారో రాస్తాను, రాయకపోతే నిద్ర పట్టదు.

మూడో ఇంటి టీచరు: "మీకు బోర్డంటే మొదట్నించీ పడదు కదండీ."

రేషను డిపో దగ్గర ముసలాయన: "ఊరికే ఇచ్చేదాన్ని అనుమానించకూడదమ్మా. కళ్ళు పోతాయి."

మాంసం కొట్టు దాలమ్మ: "రక్ష రాయని వారం మా ఆయన బండి బోల్తా పడింది వేణమ్మా. నువ్వేటి సెప్పినా నేను రాస్తాను." ఇక్కడ ఉప్పుపొగలో రోడ్డు కనపడదు, అందుకని పడిపోయాడు. ఆ మాట అన్నాను. "అదే మరి, రక్ష లేదు కాబట్టే కనపళ్ళేదు" అంది.

ఇరవై ఏళ్ళుగా గోడల మీద రాస్తున్నాను. దోచుకునేవాడి మీద కోపం నాకు అరిగిపోలేదు. దోపిడీకి హారతి పట్టేవాళ్ళని చూస్తే మాత్రం నాలిక మీద ఏదో పాకినట్టుంటుంది. అయినా దాలమ్మ దగ్గరే ఒక వస్తువు అడిగి తెచ్చుకున్నాను, ఎందుకంటే ఆ వస్తువు ఆమె దగ్గరే ఉంది: మేక తలకాయలూ కాళ్ళూ కాల్చే మంట దీపం. పంపు కొడితే నీలం మంట బుస్సుమంటుంది. నూనెకి లొంగనిది నిప్పుకి లొంగుతుందేమో చూడాలి.

ఇంటికొచ్చి ముక్క అప్పలస్వామి చేతిలో పెట్టాను. దాచడం నాకు చేతకాదు. అతను చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. ప్రతి శుక్రవారం తన మూడు వేళ్ళే. ఆ మూడు వేళ్ళనీ లుంగీకి తుడుచుకున్నాడు, వాటికి ఏమీ లేకపోయినా.

బుధవారం. మబ్బు పల్చన. గాలి లేదు.

అప్పలస్వామిని ముందుగదిలో కూర్చోబెట్టి, కిటికీలకి తడి దుప్పట్లు కట్టాను. ఆ పొగ అతని ఊపిరికి తగిలితే ఆసుపత్రి అక్కర్లేకుండా పోతుంది.

టైరుకి తడి గోనెసంచులు చుట్టాను. దీపం వెలిగించి ఒక్కో బోల్టు తల మీద మంట నిలిపాను. ముందు ఆముదం మండింది. తరవాత పసుపు అట్ట నల్లబడి, బుడగలు తేలి, సందులోంచి చీములాగా కారడం మొదలెట్టింది. ఆ కంపు మాటల్లో పెట్టలేను. జుట్టు, కొమ్ము, కుళ్ళిన రొయ్య, దాని మీద పంచదార పాకం. పక్కకి తిరిగి రెండుసార్లు కక్కాను. మూతి తుడుచుకుని మళ్ళీ పట్టాను.

మరల్లోది మెత్తబడేదాకా ఆగి, ఆరకముందే పానా వెయ్యాలి. ముందు బిగించే వైపు వెంట్రుకవాసి. తరవాత వదులు వైపు. కిర్రుమంది. ఆ చప్పుడుకి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పొగ వల్లే అనుకోండి. ఒక చుట్టు వచ్చి మళ్ళీ బిగిసింది, ఆరిపోతోంది. మళ్ళీ మంట, మళ్ళీ పానా. అలా మంటకో చుట్టు. మొదటి బోల్టు చేతిలోకి వచ్చేసరికి మరలనిండా నల్లటి జిగురు తీగలు సాగుతున్నాయి.

పైడిరాజు గోడ మీంచి చూస్తున్నాడు. "కంపు మా ఇంట్లోకి వస్తంది వదినా."

"అది నీ బండి బోల్టుల్లో కూడా ఉంది. చల్లగా ఉంది కాబట్టి కంపు కొట్టట్లేదు."

ముఖం ముడుచుకున్నాడు గానీ కాసేపటికి గోడ దూకి వచ్చి దీపానికి పంపు కొట్టాడు. మనిషి మారాడని నేను రాయను, పంపు కొట్టాడు అంతే.

బోడి బోల్టుకి కొంచెం చిన్న సైజు గొట్టం పానా సుత్తితో దిగ్గొట్టి, కరుచుకున్నాక తిప్పాను. అరచేతుల మీద తోలు లేచిపోయింది, కానీ వచ్చింది. విరిగినదాన్ని వదిలేశాను, తల లేదు కాబట్టి చక్రానికి అడ్డు లేదు. జాకీ ఎత్తి చక్రం లాగితే ఊడి ఒళ్ళో పడింది. డ్రమ్ము లోపల ఉప్పు, ఇటిక ముక్కలంత. సుత్తితో రాల్చి, స్ప్రింగులు కదిలించి, గ్రీజు రాసి మళ్ళీ ఎక్కించాను. బోల్టులు పొయ్యి మీద కాల్చి, మరలు తీగబ్రష్షుతో తోమి బిగించాను. నాలుగే. నాలుగు చాలు, మెల్లగా పోతే.

కారు తోశాను. కదిలింది.

గురువారం. మబ్బు దట్టం.

ఆసుపత్రికి వెళ్ళాం. కానీ ముందు కట్ట మీద బోర్డు గేటు సంగతి రాయాలి.

గేటు దగ్గరవాడు వంగి చక్రాలు చూశాడు. వెనక కుడి చక్రానికి పసుపు లేదు. "రక్ష లేని బండి వెళ్ళడానికి లేదమ్మా."

"నాలుగు బోల్టులూ నా చేత్తో బిగించాను. లాగి చూసుకో."

"బిగింపు కాదు, రక్ష ఉండాలి. దారిలో చక్రం ఊడితే ఎవరిది బాధ్యత?"

నా దగ్గర జవాబులు చాలా ఉన్నాయి. సగం చెప్పాను కూడా. అతను వింటూ డబ్బా మూత తీస్తున్నాడు. వెనక సీట్లో అప్పలస్వామి పెదాలు నీలంగా ఉన్నాయి, మాట రావట్లేదు, చేత్తో సీటు మీద కొట్టాడు. ఇక చాలు పద, అని. దిగిపోయి ధర్నా చెయ్యాల్సిన చోట నేను నోరు మూసుకుని, ఆ వెధవ పసుపుని నా బోల్టుల మీద రాయనిచ్చాను. అడ్డగించినదానికంటే ఎక్కువ అసహ్యం ఇక్కడే వేసింది: రాసి, రెండు చేతులూ జోడించి "శుభం" అన్నాడు.

గేటు పక్కనే రక్ష పంచే బోర్డు జీపు ఆగి ఉంది. ప్రతి శుక్రవారం మా కాలనీకి వచ్చేదే. డ్రైవరు లోవరాజు దానికి ఆనుకుని ఇడ్లీ తింటున్నాడు. నేను చక్రాలు చూశాను. ఈ వారం నాకు చక్రాలు తప్ప ఏమీ కనిపించడం లేదు. నాలుగు చక్రాలకీ నల్లటి గ్రీజు, దట్టంగా, నిగనిగలాడుతూ. పసుపు చుక్క కూడా లేదు. "చూశావా" అన్నాను. అప్పలస్వామి అప్పటికే చూస్తున్నాడు.

అతన్ని లోపలికి తీసుకెళ్ళగానే ఆసుపత్రి ఆవరణలో మోకాళ్ళ మీద కూర్చుని, పచ్చిగా ఉండగానే కిరసనాయిలు గుడ్డతో మొత్తం తుడిచేశాను. తడిగా ఉన్నప్పుడు అది ఎంత మెత్తగా వచ్చేస్తుందో. ఇంత తేలిక.

సాయంత్రం బయటికొచ్చాడు. మొహానికి రంగు వచ్చింది. దారంతా మాట్లాడలేదు. ఊపిరి కడిగాక మాట్లాడొద్దంటారు, అందుకనుకున్నాను.

శుక్రవారం. మబ్బు పల్చన.

జీపు వచ్చింది. కాలనీ అంతా తలంట్లు పోసుకుని గిన్నెలతో నిలబడింది. లోవరాజు పీపా మూత తీసి గరిటతో పోస్తున్నాడు. నేను అరుగు మీద కూర్చున్నాను. విరిగిన ముక్క జేబులో ఉంది గానీ తీసి ఎవరికి చూపించను.

అప్పలస్వామి స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, గిన్నె పట్టుకుని వరసలో నిలబడ్డాడు. నా ఒళ్ళు భగ్గుమంది. వంతు వచ్చింది, పోయించుకున్నాడు. ఇంటికి రాలేదు. జీపు ముందు చక్రం దగ్గర కూర్చుని, మూడు వేళ్ళు ముంచి, గ్రీజు మీద నుంచే మొదటి బోల్టుకి రాశాడు. నింపాదిగా, తల చుట్టూ, సందులోకి దిగేలాగా. ఎప్పుడూ రాసినట్టే.

ఎవరో ఆడమనిషి మెచ్చుకోలుగా "అదిగో, పెద్దమనిషంటే" అంది.

మూడో చక్రం దాకా లోవరాజు చూడలేదు. చూడగానే గరిట పీపాలో పడేసి ఉరికాడు.

"బాబాయ్, బాబాయ్, ఏటి సేస్తన్నావు? వద్దు."

"రక్ష రాస్తన్నాను బాబూ. మీరూ ఈ ఉప్పులోనే తిరుగుతున్నారు కదా."

"దీనికి అక్కర్లేదు. లే బాబాయ్, లే."

"ఎందుకక్కర్లేదు?"

లోవరాజు సీటు కింద నుంచి గుడ్డ లాగి తుడవడం మొదలెట్టాడు. సందులో ఉన్నది రాలేదు. తాగే నీళ్ళ సీసా గుమ్మరించాడు, గోళ్ళతో గీకాడు, చొక్కా అంచు దూర్చి తిప్పాడు. మొదటి చక్రం నుంచి రెండో దానికి, మళ్ళీ మొదటిదానికి. చెమటలు కారుతున్నాయి.

వరసలో తలలన్నీ అటు తిరిగాయి.

"ఏటి అంత తుడుస్తున్నావు?" అడిగాడు పైడిరాజు. అతని చేతిలో నిండు గిన్నె ఉంది.

"ఆరిపోద్ది" అన్నాడు లోవరాజు, తల ఎత్తకుండా. అన్నాక చెయ్యి ఆగింది. అన్న మాట ఏమిటో అప్పుడు తెలిసింది అతనికి.

టీచరు గిన్నెలో వేలు ముంచి వాసన చూసుకుంది. ముక్కు చిట్లించి, ఆ వేలుని ఎక్కడ తుడుచుకోవాలో తెలియక అలాగే గాల్లో పట్టుకుని నిలబడింది.

నాలిక చివర ఇరవై ఏళ్ళ మాటలున్నాయి. ఒక్కదాని అవసరం కూడా పడలేదు.

దాలమ్మ వరసలోంచి బయటికొచ్చింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, గిన్నె పక్కన పెట్టుకుని, నాలుగో చక్రం దగ్గర కూర్చుని మూడు వేళ్ళు ముంచింది.